రొయ్య పిల్లలూ కావు, పురుగులూ కావు: ఆంఫిపాడ్ల మీద అపోహలు - వాస్తవాలు

భీమిలి దగ్గర రాళ్లకు ఆకుపచ్చ నాచు దట్టంగా పడుతుంది. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, గుప్పెడు నాచు పీకి, తెల్లటి ట్రేలో వేసి, పైన మంచినీళ్లు పోస్తాను. అరనిమిషం తిరగకముందే నాచు పోగుల మధ్య నుంచి బియ్యపు గింజంత ప్రాణులు బయటికొస్తాయి. ఒక్కటీ తిన్నగా పోదు. పక్కకి ఒరిగి, ఒంటిని విల్లులా వంచుతూ చాపుతూ ట్రే అంతా గిరగిరా తిరుగుతాయి. ఉప్పునీటికి అలవాటు పడ్డ వాటికి మంచినీళ్లు పడవు, అందుకే దాక్కున్న చోటు వదిలేస్తాయి. ఐదు నిమిషాల్లో వాటిని తిరిగి సముద్రపు నీళ్లలో వేస్తే మళ్లీ తేరుకుంటాయి.

ఒకరోజు పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన వచ్చి ట్రేలోకి వంగి చూశాడు. "ఏటమ్మా అవి, రొయ్య పిల్లలా?" అన్నాడు. "కాదు బాబాయ్, ఇవి ఎంత పెరిగినా రొయ్యలు అవ్వవు" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన్ని తప్పుపట్టను. సముద్రం అడుగు బురదనీ, నాచునీ జల్లెడ పట్టి అందులో దొరికిన ప్రాణులు ఏ జాతివో తేల్చడమే నా పని. చదువుకున్న వాళ్లు, చెరువులు నడిపే వాళ్లు, చివరికి మా విద్యార్థులు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు. వాడుకలో వీటికంటూ ఒక పేరు లేదు. నీటి పురుగంటారు, ఇసుక పురుగంటారు, రొయ్య పిల్లంటారు. శాస్త్రంలో ఆంఫిపాడ్లు. ఇప్పటిదాకా పేరు పెట్టినవే 10,000 జాతులకు పైగా ఉన్నాయి. ఇన్నేళ్లలో నేను విన్న అపోహల్లో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇవి రొయ్య పిల్లలు.

వాస్తవం: రొయ్యకీ వీటికీ దూరపు చుట్టరికం ఉంది, పీతల్లాగే రెండూ క్రస్టేషియన్లు అనే పెద్ద వర్గంలోవే. అంతకు మించి లేదు. ఉప్పుటేరు నీళ్లు తోడుకునే చెరువుల్లో గట్టు వెంబడి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ తాళ్లకి పట్టిన పాచిలో ఇవి చేరుతుంటాయి. వాటిని చూసి "పిల్ల బాగా నిలిచింది" అని సంతోషపడ్డ రైతులు నాకు తెలుసు.

తేడా కంటికే తెలుస్తుంది. రొయ్య తల మీద గట్టి డిప్ప, ముందుకు పొడుచుకొచ్చిన ముల్లు ఉంటాయి. కళ్లు చిన్న కాడల చివర ఉంటాయి. ఆంఫిపాడ్‌కి డిప్పే లేదు. తల వెనక నుంచి తోక దాకా ఒళ్లంతా కణుపులు కణుపులుగా కనబడుతుంది. కళ్లు తలకి అంటుకునే ఉంటాయి. రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు సన్నటి ఒళ్లు కాబట్టి నీళ్లు తక్కువైతే నిలబడలేక పక్కకి పడిపోతుంది. కాళ్లలో ముందు వరసవి ఒక వైపు, వెనక వరసవి దానికి ఎదురు వైపు తిరిగి ఉంటాయి. రెండు రకాల కాళ్లున్నదనే అర్థం వచ్చే గ్రీకు మాటలతోనే ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రేయ్ 1816లో ఈ వర్గానికి ఆంఫిపోడా అని పేరు పెట్టాడు.

అసలు తేడా మాత్రం సంతానం దగ్గర ఉంది. హేచరీ చూసిన వాళ్లకి రొయ్య కథ తెలిసిందే. తల్లి లక్షల గుడ్లు నీళ్లలోకి వదిలేస్తుంది. నాప్లియస్, జోయియా, మైసిస్, ఆ తర్వాత పోస్ట్ లార్వా. ఒక్కో దశలో ఒక్కో ఆకారం. ఆ దశలన్నీ గడిచేలోపు పిల్ల అలల్లో, ప్రవాహాల్లో ఎక్కడెక్కడికో కొట్టుకుపోతుంది.

ఆంఫిపాడ్ తల్లి అలా వదలదు. ఒక ఆడదాన్ని వెల్లకిలా తిప్పి మైక్రోస్కోపు కింద పెడితే, కాళ్ల మొదళ్ల దగ్గర నుంచి సన్నటి రేకులు లోపలికి వంగి, అంచుల్లో వెంట్రుకలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, దోసిలి పట్టినట్టు కనిపిస్తాయి. ఆ దోసిలిలో గుడ్లు. చిన్న జాతుల్లో పదో పన్నెండో ఉంటాయి, పెద్దవాటిలో ఇంకా ఎక్కువ. తల్లి పొట్ట కింది తెడ్ల లాంటి కాళ్లు ఆగకుండా ఆడుతూ గుడ్ల మీదుగా కొత్త నీళ్లు తోస్తుంటాయి. కొన్ని రోజులకి గుడ్డులోంచి రెండు కంటి చుక్కలు కనబడతాయి. పొదిగాక బయటికొచ్చేది లార్వా కాదు, అచ్చం తల్లి రూపంలో ఉన్న బుల్లి ఆంఫిపాడ్. మొదటిసారి ఆ సంచిలో పిల్లలు కాళ్లు కదపడం చూసినప్పుడు పూట గడిచిన సంగతే నాకు తెలియలేదు. ఇప్పటికీ పిల్లలున్న తల్లి దొరికితే ముందు దాన్నే చూస్తాను.

ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతా చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. ప్రవాహంలో కొట్టుకుపోయే లార్వా లేదు కాబట్టి పిల్ల తల్లి ఉన్నచోటే పెరుగుతుంది. తరాల తరబడి ఒకే చోట ఉండిపోయిన మంద మెల్లగా వేరే జాతిగా మారుతుంది. ఇన్ని వేల జాతులు ఉండటానికీ, వాటిలో చాలావాటికి ఒక సరస్సో ఒక గుహో ఒక తీరమో మాత్రమే ఇల్లు కావడానికీ ఇదొక పెద్ద కారణం.

అపోహ: పెద్దది చిన్నదాన్ని మోస్తుంటే అది తల్లీ బిడ్డా.

వాస్తవం: అది జంట. మోస్తున్నది మగది. ఆడది పొర విడిచి ఒళ్లు మెత్తగా ఉన్న కాసేపట్లోనే జతకట్టగలదు. ఆ సమయం దాటిపోకూడదని మగది ముందే వెతికి పట్టుకుని, రోజుల తరబడి పొట్ట కింద మోసుకు తిరుగుతుంది. పొర విడిచాక పని అయిపోతే వదిలేస్తుంది. అన్ని జాతుల్లోనూ ఇలా ఉండదు గానీ, ఏళ్లలో ఉండే గామరస్ అనే రకంలో, నాచులో బతికేవాటిలో తరచూ కనబడుతుంది.

అపోహ: పురుగులే కదా, కుడతాయి, కరుస్తాయి, స్ప్రే కొట్టాలి.

వాస్తవం: పురుగుకి ఆరు కాళ్లు. వీటికి ఛాతీ భాగానికే ఏడు జతలు. విషపు ముల్లు లేదు, రక్తం తాగే గొట్టం లేదు. ఒడ్డున ఇసుకలో ఎగిరేవాటిని ఇంగ్లీషులో ఫ్లీ లాంటి, రక్తం తాగే పురుగుల పేర్లతో పిలవడం వల్ల ఈ భయం పుట్టింది.

2017 ఆగస్టులో మెల్‌బోర్న్ బీచ్‌లో ఒక కుర్రాడు చల్లటి నీళ్లలో అరగంట నిలబడి బయటికొచ్చేసరికి కాళ్ల నుంచి రక్తం కారుతున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అక్కడి మ్యూజియం శాస్త్రవేత్తలు నమూనాలు చూసి లైసియానాసిడ్ ఆంఫిపాడ్లని తేల్చారు. ఇవి చచ్చిన చేపల్ని తిని సముద్రాన్ని శుభ్రం చేసే రకం. చలికి తిమ్మిరెక్కిన కాళ్లు కదలకుండా ఉంటే అలా జరిగింది. అలాంటి ఘటనలు చాలా చాలా అరుదు. ఆ వార్త వచ్చాక మాకు నెల రోజులు ఫోన్లు వచ్చాయి, వైజాగ్ బీచ్‌లో దిగొచ్చా అని.

ఇంకో రకం ఫోన్ అమెరికా నుంచి వస్తుంది. కాలిఫోర్నియాలో ఉండే మా చెల్లి ఒక వానాకాలం ఫొటో పంపింది: "అక్కా, గరాజ్ నిండా ఎర్ర పురుగులు, పెస్ట్ కంట్రోల్‌ని పిలవమంటావా?" అవి ఆస్ట్రేలియా నుంచి మొక్కల మట్టితో పాటు చేరిన నేల ఆంఫిపాడ్లు. తోటలో ఆకుల కింద తడిలో బతుకుతాయి. వాన ఎక్కువై నేల నీటితో నిండితే పొడి చోటు వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తాయి. అక్కడ ఒంట్లో తడి ఆరిపోయి చచ్చిపోతాయి. చచ్చాక, ఉడికించిన రొయ్యలాగే, ఎర్రబడతాయి. ఊడ్చేసి మొక్కల్లో వేస్తే సరిపోతుంది. ఏ మందూ అక్కర్లేదు.

అపోహ: ఇవి సముద్రంలోనే ఉంటాయి.

వాస్తవం: ఎక్కువ జాతులు సముద్రంలోనే ఉన్న మాట నిజం. కానీ ఇవి వెళ్లని చోటు వెతకడమే కష్టం.

నేల మీద బతికేవాటి గురించి ఇప్పుడే చెప్పాను. న్యూజిలాండ్, టాస్మానియా అడవుల్లో రాలిన ఆకుల కింద వీటి సందడి ఎక్కువ. వాటికి ఊపిరితిత్తులు లేవు. కాళ్ల మొదళ్ల దగ్గర మొప్పలే ఉన్నాయి, తడి ఉన్నంతవరకు వాటితోనే ఊపిరి. ఆర్కిటిక్‌లో సముద్రపు మంచు పలక అడుగుభాగానికి తలకిందులుగా అతుక్కుని బతికే గామరస్ జాతి ఉంది. ఆ మంచు కింద పెరిగే పాచి దానికి ఆహారం.

ఒడ్డున ఇసుకలో ఉండే టాలిట్రస్ కథ నాకు చాలా ఇష్టం. మధ్యధరా తీరాల్లో ఇది పగలు తడి ఇసుకలో దాక్కుని, రాత్రి మేతకి పైకి వస్తుంది. పొడి ఇసుకలో చిక్కుకుపోతే ఎండి చస్తుంది కాబట్టి సముద్రం ఎటుందో దానికి తెలియాలి. 1950లలో ఇటలీ శాస్త్రవేత్తలు పార్డి, పాపి దీని మీద ప్రయోగాలు చేశారు. అది సూర్యుణ్ణి చూసి దిక్కు పోల్చుకుంటుందనీ, పొద్దు కదిలేకొద్దీ లెక్క సరిచేసుకుంటుందనీ తేలింది. ఒక తీరపు వాటిని వేరే వైపు తిరిగిన తీరానికి తీసుకెళ్లి వదిలితే, కొత్త చోట సముద్రం ఎటున్నా సరే, తమ సొంత తీరంలో సముద్రం ఉండే దిక్కుకే పరుగెత్తాయి. ప్రయోగశాలలో పుట్టి ఒక్కసారి కూడా సముద్రం చూడని పిల్లలు కూడా తల్లి తీరపు దిక్కునే పట్టుకున్నాయి. తల్లి ఉన్నచోటే పిల్ల ఉంటుందని పైన రాశానే, అది వాటి పుట్టుకలోకే ఎంత లోతుగా దిగిందో చూడండి.

ఇక బావుల సంగతి. ఇది మన వాళ్లకి చెప్పినప్పుడల్లా ఆశ్చర్యపోతారు. భూగర్భ జలాల్లో, రాతి పగుళ్లలో, ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో ఆంఫిపాడ్లు ఉన్నాయి. వెలుగే లేని చోట తరాలు గడిపి కళ్లు పోగొట్టుకున్నాయి, రంగు పోగొట్టుకున్నాయి. కొద్ది మిల్లీమీటర్ల పొడవున తెల్లటి దారపు ముక్కలా ఉంటాయి. ఆగ్నేయ భారతంలోని బావుల నుంచి తీసిన బోగిడియెల్లా ఇండికా అనే జాతికి 2006లో పేరు పెట్టారు. పేరు పెట్టిన ముగ్గురిలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి గారు ఒకరు. ఆ మరుసటేడు, 2007లో, అదే బృందం ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని కోటుమ్‌సర్ గుహ నుంచి కోటుమ్‌సారియా బస్తరెన్సిస్‌ని వర్ణించింది. అది కొత్త జాతి మాత్రమే కాదు. ఉన్న ఏ కుటుంబంలోనూ ఇమడక దానికోసం కోటుమ్‌సారిడే అని కొత్త కుటుంబాన్నే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఒక గుహ నీళ్లలో ఒక కుటుంబమంత కొత్తదనం దొరికిందన్న మాట.

ఈ నమూనాలు పట్టే పద్ధతి ఏ పల్లెలోనైనా చేసేదే. బోరు నీళ్లని చాలాసేపు సన్నటి వలలోంచి వడకడతారు. లేదా సన్నటి వలని బావి అడుగు దాకా దించి, కాస్త కుదిపి పైకి లాగుతారు. మా అమ్మమ్మ గారి ఊళ్లో మూడు రాతి కట్టడపు బావులుండేవి. బోర్లు వచ్చాక రెండింటిని చెత్తతో పూడ్చేశారు. నేను వల పట్టుకుని వెళ్లేసరికి మూడోదాన్ని కూడా సగం నింపారు. అందులో ఏముండేదో ఇక చూసే వీలు లేదు. పాత బావి ఉన్నవాళ్లు దయచేసి దాన్ని చెత్తకుండీ చేయకండి. దాని నీళ్లు మీరు తాగకపోయినా, దాన్నే ఇల్లు చేసుకున్నవి ఉండొచ్చు.

అపోహ: వేడి ప్రాంతాల్లోనే జీవవైవిధ్యం ఎక్కువ, కాబట్టి మన చెరువుల్లో ఇవి దండిగా ఉంటాయి.

వాస్తవం: మంచినీటి ఆంఫిపాడ్ల విషయంలో లెక్క తిరగబడింది. 2008 నాటి లెక్క ప్రకారం ప్రపంచంలో మంచినీటి జాతులు 1,870 దాకా ఉంటే, వాటిలో ఎక్కువ భాగం యూరప్, ఉత్తర ఆసియా చల్లటి నీళ్లలోనివే. సైబీరియాలోని ఒక్క బైకాల్ సరస్సులోనే జాతులూ ఉపజాతులూ కలిపి దాదాపు 350. దాదాపు అన్నీ ప్రపంచంలో ఇంకెక్కడా లేనివే. ఒంటి నిండా ముళ్లతో కోటలా కనిపించే అకాంతోగామరస్ అక్కడిదే. అడుగున పాకడం మానేసి నడి నీళ్లలో ఈదుతూ, సరస్సు చేపలకి మేతయ్యే మాక్రోహెక్టోపస్ కూడా అక్కడిదే. లక్షల ఏళ్లుగా ఎండిపోని, అడుగు దాకా ప్రాణవాయువు అందే సరస్సు అది. తల్లి దగ్గరే ఉండిపోయే ప్రాణికి అంత కాలం, అంత చోటు దొరికితే ఏమవుతుందో బైకాల్ చూపిస్తుంది.

చల్లటి నీళ్లలో ఇవి పెద్దవి కూడా అవుతాయి. 1999లో షాపెల్, పెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరువేరు ప్రాంతాల ఆంఫిపాడ్ల కొలతలు పోల్చి, పరిమాణానికి అసలు హద్దు పెట్టేది నీటిలో కరిగిన ఆక్సిజన్ అని చెప్పారు. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. అంటార్కిటికా, బైకాల్ జాతులు మన తీరపు వాటికంటే ఎన్నో రెట్లు పెద్దవిగా ఉండటానికి కారణం అది.

అందుకే మన మైదానాల ఊరి చెరువులో గామరస్ కోసం వెతికితే నిరాశే. కాశ్మీర్ ఊటల్లో, హిమాలయ సెలయేళ్లలో దొరుకుతుంది. మనకి సంపదంతా ఉప్పునీళ్లలో, ఏరు సముద్రంలో కలిసే మొగల్లో, భూమి కింద ఉంది. చిల్కా సరస్సు ఆంఫిపాడ్ల మీద చార్లెస్ చిల్టన్ 1921లో రాసిన వ్యాసంలోని గ్రాండిడియరెల్లా లాంటివి మనవైపు మొగల బురదలో కూడా మాకు పని పెడుతుంటాయి. మద్రాసు తీరం ఆంఫిపాడ్ల మీద కె. నాగప్పన్ నాయర్ 1959లో వెలువరించిన పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది.

అపోహ: ఒకదాన్ని చూస్తే అన్నీ చూసినట్టే.

వాస్తవం: పడవ అడుగున పట్టిన నాచు పోగు తీసి చూడండి. పుల్లలాంటి ఒళ్లు, ముందు రెండు కొక్కేల్లాంటి చేతులు, వెనక కాళ్లతో పోగుని పట్టుకుని ముందుకి వెనక్కి ఊగుతూ నమస్కారం పెడుతున్నట్టుండే కాప్రెల్లాలు కనిపిస్తాయి. అవీ ఆంఫిపాడ్లే. తిమింగలాల చర్మం మీద, ముఖం మీది గరుకు మచ్చల్లో పీతల్లా అతుక్కుని బతికేవి, తిమింగల పేలని పిలిచేవి, అవి కూడా ఇవే. వాటికి ఈదే దశే లేదు. ఒక తిమింగలం ఒంటి నుంచి ఇంకోదానికి ఒళ్లు తగిలినప్పుడే వెళ్లాలి, ఎక్కువగా తల్లి నుంచి బిడ్డకి. ఈ లక్షణం వల్లే 2005లో రైట్ అనే రకం తిమింగలాల మీది పేల జన్యువులు చదివి, ఆ తిమింగలాలు 50, 60 లక్షల ఏళ్ల కిందటే మూడు జాతులుగా విడిపోయాయని లెక్కకట్టగలిగారు.

ఫ్రోనిమా అనేది నడి సముద్రంలో సాల్ప్ అనే గాజులాంటి మెత్తటి ప్రాణిని పట్టి, లోపలంతా తినేసి, మిగిలిన పీపాలో కాపురం పెడుతుంది. పిల్లల్ని ఆ పీపా లోపలే పెంచుతూ, దాన్ని నీళ్లలో తోసుకుంటూ తిరుగుతుంది. అంటార్కిటికాలో హైపెరియెల్లా ఇంకో ఉపాయం పన్నింది. చేపలకి రుచించని ఒక చిన్న రెక్కల నత్తని పట్టుకుని, వీపు మీద మోసుకుంటూ ఈదుతుంది. చేప నోట్లో వేసుకున్నా ఆ రుచికి వెంటనే ఉమ్మేస్తుంది. 1990లో ఈ సంగతి బయటపడింది. డులికియెల్లా మగదానికి ఒక చెయ్యి ఒంటికి మించిన బరువుగా కనిపిస్తుంది. ఆ కొక్కెం మూసుకోవడానికి పట్టే సమయం సెకనులో పదివేల వంతు కంటే తక్కువ. 2021లో దాన్ని హైస్పీడ్ కెమెరాతో కొలిచారు. ఆ మొత్తం ప్రాణి పొడవు మాత్రం కొన్ని మిల్లీమీటర్లే.

అపోహ: అంత లోతులో ఏదీ బతకదు, బతికినా మన చెత్త అక్కడికి చేరదు.

వాస్తవం: పసిఫిక్ సముద్రంలోని మేరియానా అగాధంలో దాదాపు 10,900 మీటర్ల లోతున, ఎరపెట్టిన పంజరం దించితే ముందు వచ్చేవాటిలో ఆంఫిపాడ్లు ఉంటాయి. అక్కడి హిరోండెల్లియా గిగాస్‌కి సెల్యులోజ్‌ని అరిగించే ఎంజైములున్నాయని 2012లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. పైనుంచి మునిగి వచ్చే కర్ర ముక్కలు, ఆకుల పొట్టు కూడా దానికి తిండే. ఈ వర్గం మొత్తంలో పెద్దది అలిసెల్లా జైగాంటియా కూడా అగాధ సముద్రాలదే. 34 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే బడి పిల్లల స్కేలు కంటే పొడుగు. అన్నీ కుళ్లినవి తినేవే అనుకోవద్దు. 2024లో చిలీ దగ్గర అటకామా అగాధంలో 7,902 మీటర్ల లోతు నుంచి వర్ణించిన డుల్సిబెల్లా, వేటాడి తినే రకం.

ఇక మన చెత్త గురించి. 2017లో జేమీసన్ అనే శాస్త్రవేత్త బృందం మేరియానా, కెర్మాడెక్ అగాధాల ఆంఫిపాడ్లలో పీసీబీ అనే, దశాబ్దాల కిందటే నిషేధించిన విష రసాయనాలు ఉన్నట్టు కనుక్కుంది. మేరియానా వాటిలో ఉన్న మోతాదు, చైనాలో బాగా కలుషితమైన లియావో నది నీళ్లు పారే వరి చేలలోని పీతల్లో కంటే 50 రెట్లు ఎక్కువ. 2020లో, మేరియానా అగాధంలో 6,000 మీటర్ల కింద నుంచి తీసిన ఒక కొత్త జాతిని వర్ణించారు. పేరు పెట్టడానికి ముందే దాని పేగులో ప్లాస్టిక్ పోగు దొరికింది. సీసాలు చేసే పీఈటీ ప్లాస్టిక్ అది. అందుకే దానికి యూరిథీనిస్ ప్లాస్టికస్ అని పేరు పెట్టారు. ఒక జాతిని మనం మొదటిసారి చూసేసరికే మన సీసా ముక్క దాని కడుపులో ఉంది. ఈ సంగతి క్లాసులో చెప్పిన ప్రతిసారీ గది నిశ్శబ్దమైపోతుంది.

అపోహ: వీటివల్ల ఉపయోగం ఏముంది?

వాస్తవం: ఈ ప్రశ్నకి ఒక పక్షితో జవాబు చెబుతాను. కెనడాలో ఫండీ అఖాతపు బురద మైదానాల్లో కొరోఫియం అనే ఆంఫిపాడ్ యూ ఆకారపు గొట్టాలు తవ్వుకుని ఉంటుంది, ఒక్కో చదరపు మీటరుకి పదివేలకు మించి. సెమీపాల్మేటెడ్ సాండ్‌పైపర్ అనే చిన్న పిట్ట వేసవి చివర అక్కడ దిగి, వీటిని తిని రెండు మూడు వారాల్లో దాదాపు రెట్టింపు బరువుకి చేరి, ఆ కొవ్వుతోనే సముద్రం మీదుగా ఆగకుండా దక్షిణ అమెరికా చేరుకుంటుంది. ఉత్తర పసిఫిక్‌లో బూడిద తిమింగలం అడుగు బురదని నోటితో పీల్చి వడకట్టుకునేది కూడా ఎక్కువగా ఆంపెలిస్కా జాతి ఆంఫిపాడ్ల కోసమే. యూరప్ సెలయేళ్లలో రాలిన ఆకుల్ని గామరస్‌లు ముక్కలు చేయకపోతే వాటి కింద బతికే చిన్న ప్రాణులకి తిండి అందదు.

మా పనిలో వీటికి ఇంకో విలువ ఉంది. విషానికి ఇవి తొందరగా లొంగిపోతాయి. అమెరికా పర్యావరణ సంస్థ పద్ధతిలో, అనుమానం ఉన్న బురదలో కొన్ని ఆంఫిపాడ్లని పది రోజులు ఉంచి ఎన్ని బతికాయో లెక్కపెడతారు. మేం కాలువ మొగల దగ్గర నమూనాలు తీసేటప్పుడు కూడా ఇదే చూస్తాం. అర మిల్లీమీటరు జల్లెడలో బురద కడిగేస్తే మంచి చోట ఆంఫిపాడ్లు, చిన్న గుల్లలు, రకరకాల పురుగులు మిగులుతాయి. ఒక మొగ దగ్గర వరసగా మూడేళ్లు తీశాం. మొదటి ఏడాది జల్లెడలో గంతులేసినవి, మూడో ఏడాదికి ఒక్కటీ లేవు. ఎర్రటి సన్న పాలీకీట్ పురుగులు మాత్రం కుప్పగా ఉన్నాయి. నీళ్ల రంగు మారలేదు, వాసన మారలేదు, చేపలు ఇంకా పడుతున్నాయి. బురద చెడిందని మాకు మొదట చెప్పింది ఆ ఖాళీ జల్లెడే.

అపోహ: ఇంత చిన్నవి ఎక్కడికి పోయినా ఏం చేస్తాయి?

వాస్తవం: డికెరోగామరస్ విల్లోసస్‌ని అడగండి. నల్ల సముద్రం, కాస్పియన్ వైపుది. 1992లో జర్మనీలో మెయిన్-డాన్యూబ్ కాలువ పూర్తయ్యాక రైన్ నదిలోకి దారి దొరికింది. 2010లో ఇంగ్లండ్‌లో తేలింది. వెళ్లిన చోటల్లా స్థానిక ఆంఫిపాడ్లని, పురుగుల్ని చంపి వాటి చోటు ఆక్రమించింది. తనంతట తాను దూరం పోలేని ప్రాణిని మనమే పడవ అడుగున, ఓడలు బరువు కోసం నింపుకునే బల్లాస్ట్ నీళ్లలో, తడి వలల్లో మోసుకెళ్తున్నాం. ఒక చోట వాడిన వల, బూట్లు, బకెట్ ఆరబెట్టకుండా ఇంకో చోట దించవద్దని మా విద్యార్థులకి గట్టిగా చెబుతాను.

అపోహ: ఫొటో పంపితే జాతి పేరు చెప్పేయొచ్చు.

వాస్తవం: ఫొటో చూసి ఆంఫిపాడ్ అని చెప్పగలను, అదృష్టం ఉంటే కుటుంబం చెప్పగలను. జాతి చెప్పాలంటే ఎదిగిన మగది కావాలి, దాని రెండో జత చేతుల ఆకారం, నోటి భాగాలు, తోక చివరి పలక విడదీసి స్లైడు మీద చూడాలి. ఒక రోజు పట్టొచ్చు. అయినా చాలదు ఒక్కోసారి. ఉత్తర అమెరికాలో ఒకే జాతి అనుకున్న హయలెల్లా అజ్టెకా, జన్యువులు చూశాక, చూపుకి ఒకేలా ఉండే చాలా జాతుల గుంపని తేలింది. మన తీరంలో అలాంటి పని మొదలైందనే చెప్పాలి.

కాబట్టి మీకు దొరికితే ఫొటోతో పాటు ప్రాణిని కూడా దాచండి. నాలుగైదు చాలు, మిగతావి నీళ్లలోనే వదిలేయండి. మూత గట్టిగా పట్టే చిన్న సీసాలో 95 శాతం ఆల్కహాల్ పోసి వేయండి. ఫార్మాలిన్ వద్దు, జన్యు పరీక్షకి పనికిరాదు. చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో, పెన్ను సిరా కరిగిపోతుంది కాబట్టి, ఊరి పేరు, తేదీ, నాచులో దొరికిందా బురదలోనా ఇసుకలోనా, నీళ్లు ఉప్పనా చప్పనా రాసి సీసా లోపలే వేయండి. బావిలోదైతే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కూడా రాయండి.